మూణ్ణెల్ల ముచ్చట, పదేళ్ల కాపురం

హైదరాబాద్ నుంచి బెంగళూరుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద అనంతపురం దాటి గంటసేపు పోతే దుకాణాల బోర్డుల మీద కొత్త లిపి కనిపించడం మొదలవుతుంది. సున్నాలు, అడ్డగీతలు, నిలువుగీతలు చిన్న చిన్న గళ్లలో పేర్చినట్టుండే కొరియా అక్షరాలవి. 1565లో తళ్లికోట యుద్ధం ఓడిపోయాక విజయనగర ప్రభువులు రాజధాని చేసుకున్న పెనుకొండ ఇక్కడే. ఆ కోట ఉన్న కొండకు కాస్త దూరంలో, ఎర్రమంచి దగ్గర 536 ఎకరాల్లో కియా కర్మాగారం ఉంది. ఏడాదికి 3 లక్షల కార్లు చేయగలిగేలా కట్టారు. దేశంలో వాన బాగా తక్కువగా పడే ప్రాంతాల్లో ఇదొకటి. వేరుశనగ వేసి మొగులు వైపు చూసే నేల. ఈ కర్మాగారానికి నీళ్లు గొల్లపల్లి జలాశయం నుంచి వస్తాయి, ఆ జలాశయానికి హంద్రీ-నీవా కాలువ మీదుగా కృష్ణా నీళ్లు వస్తాయి.

ఆ దారిలో టీకి ఆగినప్పుడు పక్కన కియా సెల్టోసో సోనెట్టో నిలిపి ఉంటే ఓనరును పలకరించడం నాకు అలవాటు. బండి ఎలా ఉందండీ అంటే, కొని మూణ్ణెల్లయినవాళ్లు తెర ఎంత పెద్దదో చెబుతారు, సీటులోంచి చల్లగాలి వస్తుందని చేయి పెట్టి చూడమంటారు. నాలుగైదేళ్లు నడిపినవాళ్లు క్లచ్ గురించి, సర్వీసు బిల్లు గురించి, ఇప్పుడు అమ్మితే ఎంతొస్తుందన్నదాని గురించి చెబుతారు. బండి ఒకటే, ఇద్దరి మాటా నిజమే. అందుకే నేనిప్పుడు ముందుగా బండి వయసు అడిగి, ఆ తర్వాతే అభిప్రాయం అడుగుతున్నాను. కియా కథ మొదటినుంచీ చదివితే ఈ రెండు మాటల మధ్య దూరమే ఆ కంపెనీ అసలు సమస్య అనిపిస్తుంది. ఆ దూరం ఎందుకు వస్తుందో తెలియాలంటే ఇంజను లోపలికి దిగాలి. దానికంటే ముందు కొంచెం చరిత్ర చెప్పుకోవాలి.

1944 డిసెంబరులో, కొరియా ఇంకా జపాన్ ఏలుబడిలో ఉండగా, సోల్‌లోని యోంగ్‌దుంగ్‌పోలో కిమ్ చోల్-హో అనే ఆయన ఒక చిన్న కార్ఖానా పెట్టాడు. కుర్రతనంలో జపాన్ వెళ్లి ఒసాకాలో ఇనుప పనిలో చేయి తిరిగిన మనిషి. ఉక్కు గొట్టాలు, సైకిలు విడిభాగాలు చేసేవారు. తర్వాత కొరియా యుద్ధం వచ్చింది. దేశం సగం బూడిదై, జనమంతా దక్షిణాన పుసాన్ రేవుకు పోగైన రోజుల్లో, 1952లో అక్కడే కొరియాలో తయారైన మొదటి సైకిలును బయటికి తెచ్చారు. దానికి సమ్‌చొల్లి అని పేరు పెట్టారు. మూడు వేల లీల దూరం అని అర్థం, లీ అంటే అక్కడి దూరపు కొలత. కొరియా భూభాగం ఈ కొస నుంచి ఆ కొసకు అంత పొడవని వాళ్ల లెక్క. దేశం రెండు ముక్కలై కొట్టుకుంటున్నప్పుడు సైకిలుకు ఆ పేరు పెట్టారంటే ఆ మనిషి మనసు తెలుస్తోంది. కంపెనీ పేరు కియాగా మారిందీ అప్పుడే. ఆసియా నుంచి పైకి లేవడం అని ఆ చైనా అక్షరాలకు అర్థం.

సైకిలు తర్వాత మోటారు సైకిలు, 1962లో జపాన్ కంపెనీ మాజ్డా లైసెన్సుతో మూడు చక్రాల ట్రక్కు, 1973లో సోహారిలో పూర్తి స్థాయి కార్ల కర్మాగారం, మరుసటేడు బ్రీసా అనే చిన్న కారు. రెండు చక్రాలు, మూడు చక్రాలు, నాలుగు చక్రాలు అంటూ మెట్టు మెట్టుగా ఎక్కారు. అంతలో 1981లో సైనిక ప్రభుత్వం కార్ల పరిశ్రమను తనే పంచిపెట్టింది. కార్లు హ్యుందాయ్‌కి, డేవూగా మారబోయే కంపెనీకి. కియా కార్లు మానేసి చిన్న ట్రక్కులు మాత్రం చేసుకోవాలి. నోటి దగ్గరి ముద్ద లాగేసినట్టే. అప్పుడు కియాను నిలబెట్టింది బోంగో అనే వ్యాను. కూరగాయలు మోసింది, బడిపిల్లల్ని మోసింది, చుట్టాలందరినీ ఒకేసారి పెళ్లికి మోసింది. చివరికి కొరియాలో ఏ కంపెనీ వ్యానునైనా బోంగో అనడం మొదలైంది, మనం వనస్పతినంతా డాల్డా అన్నట్టు. 1987లో నిషేధం పోయాక మాజ్డా నమూనా మీద చేసిన ప్రైడ్ అనే చిన్న కారు వచ్చింది. అదే కారు ఫోర్డ్ పేరుతో అమెరికాలో అమ్ముడుపోయింది. 1994లో కియా తన సొంత పేరుతో అమెరికాలో అడుగుపెట్టింది.

మూడేళ్లకే మళ్లీ దెబ్బ. అప్పుల మీద అప్పులు చేసి పెరిగిన కంపెనీ 1997 జులైలో కుప్పకూలింది. ఆ ఏడాది చివర దక్షిణ కొరియా అంతర్జాతీయ ద్రవ్యనిధి ముందు చేయి చాచాల్సి రావడానికి ముందు జరిగిన పెద్ద పతనాల్లో ఇదొకటి. 1998 వేలంలో ఫోర్డ్, డేవూ, సామ్‌సంగ్‌లను దాటి హ్యుందాయ్ దాన్ని దక్కించుకుంది. అప్పట్నుంచి ఈ రెండూ ఒకే పొయ్యి మీద ఉడికే రెండు కూరలు. ఇంజన్లు, గేరుబాక్సులు, కింది చట్రం చాలావరకు ఉమ్మడివే. పైరూపం, సర్దుబాట్లు, అమ్మకాలు వేరు. మన హ్యుందాయ్ క్రెటా, సెల్టోస్‌ల చుట్టరికం ఇదే.

హ్యుందాయ్ చేతికి వచ్చేనాటికి కియా అంటే అమెరికాలో చవక బండి. ధర చూసి కొన్నవాళ్లు తర్వాత పడే బాధలకు ముందే సిద్ధపడి కొనేవాళ్లు. ఆ చెడ్డపేరును పోగొట్టడానికి రెండు పనులు చేశారు. ఒకటి కంటికి కనిపించేది. ఆడిలో పేరు తెచ్చుకున్న జర్మన్ డిజైనర్ పీటర్ ష్రయర్‌ను 2006లో తీసుకొచ్చారు. పులి ముక్కును తలపించే ముందు జాలి ఆయన తెచ్చిందే. దూరం నుంచి చూసి ఇది కియా అని గుర్తుపట్టడం అప్పుడు మొదలైంది.

రెండోది వారంటీ. నా దృష్టిలో ఇదే పెద్ద పని. అమెరికాలో ఇంజనుకూ గేరుబాక్సుకూ పదేళ్లు లేదా లక్ష మైళ్లు, యూరప్‌లో బండి మొత్తానికి ఏడేళ్లు. చెడ్డపేరున్న కంపెనీ మా బండి మంచిదని ఎంత అరిచినా ఎవరూ నమ్మరు. కానీ పాడైతే ఖర్చు మాదేనని పదేళ్లకు కాగితం రాసిస్తే, ఆ కాగితం బండి తయారుచేసే ఇంజనీరు మెడ మీద కూడా కూర్చుంటుంది. బేరింగు కొలతలో వెంట్రుకలో పదోవంతు తేడా వచ్చినా పదేళ్లలోపు ఆ డబ్బు కంపెనీ జేబులోంచే పోతుంది. కొనేవాడికి అది ధైర్యం, చేసేవాడికి అది భయం. ఈ భయం కొంతవరకు బాగా పనిచేసింది.

ఎంత బాగా పనిచేసిందో అమెరికాలో జె.డి. పవర్ సంస్థ చేసే రెండు సర్వేలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఒకటి కారు కొన్న మొదటి 90 రోజుల్లో ఓనర్లు చెప్పిన ఇబ్బందుల్ని ప్రతి 100 కార్లకూ లెక్కగడుతుంది. రెండోది మూడేళ్ల వయసున్న కార్ల గురించి అడుగుతుంది. 2000 ప్రాంతంలో జాబితా అడుగున ఉన్న కియా, 2016లో 90 రోజుల సర్వేలో ఖరీదైన బ్రాండ్లన్నిటినీ దాటి మొదటి స్థానంలో నిలిచింది. ప్రతి 100 కార్లకు 83 ఫిర్యాదులు మాత్రమే. 2022లో మూడేళ్ల సర్వేలోనూ మొదటిసారి అగ్రస్థానానికి వచ్చింది. ఇవి చిన్న విజయాలు కావు. కానీ కియాకు ఈ కిరీటాలు వస్తున్న సంవత్సరాల్లోనే, అంతకు నాలుగైదేళ్ల ముందు అమ్మిన దాని కార్లు కొన్ని అమెరికా రహదారుల మీద ఇంజను పట్టేసి ఆగిపోతున్నాయి.

ఆ ఇంజను పేరు థీటా 2. 2 లీటర్ల టర్బో, 2.4 లీటర్ల మామూలు రకం, రెండూ పెట్రోలువే. హ్యుందాయ్ సొనాటాలో, కియా ఆప్టిమా, సొరెంటో, స్పోర్టేజ్‌లలో వాడారు. దాని జబ్బు అర్థం కావాలంటే ఇంజనులో అత్యంత కష్టజీవి ఎవరో తెలియాలి. పెట్రోలు మండినప్పుడు పిస్టను కిందికి తన్నుకుపోతుంది. ఆ తోపును కనెక్టింగ్ రాడ్ అందుకుని క్రాంక్ షాఫ్టును తిప్పుతుంది. నిమిషానికి 3,000 చుట్లంటే సెకనుకు 50 చుట్లు. ఆ లెక్కన ఒక్కో పిస్టను మీద సెకనుకు 25 సార్లు పేలుడు దెబ్బ పడుతుంది. ఆ దెబ్బలన్నీ రాడ్డు కింది కన్నానికీ అందులో తిరిగే క్రాంకు పిన్నుకూ మధ్య ఉన్న పల్చని బేరింగు రేకు మీదే పడతాయి.

అయినా ఆ రెండు లోహాలు ఒకదాన్నొకటి తాకవు. తాకకుండా ఆపేది ఆయిలు. పాతకాలంలో ఎద్దుబండి ఇరుసుకు పెట్టే కందెనకూ దీనికీ ఒక తేడా ఉంది. కందెన పూసి వదిలేస్తే అది అక్కడే జిడ్డుగా ఉండి రాపిడి తగ్గిస్తుంది. ఇంజను బేరింగులో పంపు పని ఆయిలును ఆ సందులోకి అందించడం వరకే. బరువును మోసే ఒత్తిడి మాత్రం తిరుగుతున్న పిన్నే పుట్టిస్తుంది. బరువు వల్ల పిన్ను ఒక పక్కకు ఒరుగుతుంది, దాంతో సందు ఒకవైపు వెడల్పుగా, మరోవైపు ఇరుకుగా అవుతుంది. తిరిగే పిన్ను ఆయిలును తనతోపాటు ఈడ్చుకెళ్లి ఆ ఇరుకులోకి తోస్తుంది. తప్పించుకోవడానికి చోటు లేక ఆయిలు పొర గట్టిపడి పిన్నును పైకి ఎత్తి పట్టుకుంటుంది. వాన నీళ్లు నిలిచిన రోడ్డు మీద వేగంగా పోతుంటే టైరు నేలను వదిలి నీటి మీద తేలడం మీరు చూసే ఉంటారు. ఇదీ అదే, కాకపోతే ఇక్కడ అది కావాలని చేసుకున్న ఏర్పాటు. ఆ పొర మందం మిల్లీమీటరులో కొన్ని వేల వంతులు. మన తల వెంట్రుక దానికంటే ఎన్నో రెట్లు లావు.

ఇప్పుడు ఆ సందులోకి ఒక లోహపు రజను పడితే? సొనాటాల విషయంలో జరిగిందిదే. క్రాంక్ షాఫ్టులో ఆయిలు పోవడానికి సన్నని దారులు తొలుస్తారు. తొలిచినప్పుడు అంచుల్లో రజను మిగులుతుంది, దాన్ని పూర్తిగా తీసేయాలి. అమెరికాలోని అలబామా కర్మాగారంలో యంత్రంతో గీకి తీసే పద్ధతి దాన్ని పూర్తిగా తీయలేకపోయింది. 2012 ఏప్రిల్‌లో దాన్ని మానేసి నీళ్ల ధారతో కొట్టి శుభ్రం చేసే పద్ధతికి మారారు. ఈలోగా తయారైన ఇంజన్లు ఇళ్లకు చేరిపోయాయి. కియా ఇంజన్ల విషయంలో కంపెనీ చెప్పిన కారణం మరొకటి. క్రాంకు పిన్నులు నునుపు చేసేటప్పుడు గరుకు సమానంగా పోలేదు. ఏదైతేనేం, ఫలితం ఒకటే. పొర తెగిన చోట లోహం లోహాన్ని రాసుకుంటుంది. రాసుకున్న చోట వేడి, వేడికి ఆయిలు మరింత పల్చబడుతుంది, బేరింగు రేకు అరిగి ఆ పొడి కూడా ఆయిల్లో కలుస్తుంది. మొదట చలి ఉదయం స్టార్టు చేసినప్పుడు టకటకమనే సన్నని చప్పుడు. తర్వాత ఎప్పుడూ చప్పుడే. ఒకరోజు ఇంజను పట్టేస్తుంది, లేదా రాడ్డు విరిగి ఇంజను గోడను చీల్చుకు వస్తుంది.

దీనికి 90 రోజులు చాలవు, చాలాసార్లు మూడేళ్లూ చాలవు. అందుకే సర్వే ఫారాల్లో ఇది కనిపించలేదు. కనిపించింది హైవే పక్కన పొగ వస్తున్న బండి ముందు నిలబడ్డ మనుషులకు. 2015లో హ్యుందాయ్, 2017లో రెండు కంపెనీలూ కలిసి అమెరికాలో లక్షల కార్లను వెనక్కి పిలిచాయి. 2017లో పిలిచినవే దాదాపు 12 లక్షలు. సమస్య ఉందని లోపలినుంచి ముందే చెప్పినవాడు హ్యుందాయ్ ఇంజనీరు కిమ్ గ్వాంగ్-హో. కంపెనీ లోపల చెప్పి చూసి, 2016లో కాగితాలు పట్టుకుని అమెరికా రహదారి భద్రతా సంస్థ దగ్గరికి వెళ్లాడు. ఉద్యోగం పోయింది. 2020లో ఆ సంస్థ రీకాల్‌లో ఆలస్యానికీ ఇతర లోపాలకూ రెండు కంపెనీలతో కలిపి 21 కోట్ల డాలర్ల మేర జరిమానా ఒప్పందం చేసుకుంది. మరుసటేడు కిమ్‌కు 2.4 కోట్ల డాలర్లకు పైగా బహుమానం ఇచ్చింది. ఆ మనిషి కథ మన ఇంజనీరింగు కాలేజీల్లో పాఠంగా చెప్పాలని నాకు గట్టిగా ఉంది.

రీకాల్ చేశాక కంపెనీ ఇంజనుకు ఒక చెవి పెట్టింది. పెట్రోలు ఇంజన్లలో నాక్ సెన్సార్ అనే చిన్న భాగం ముందునుంచే ఉంటుంది. సమయం కాని సమయంలో పెట్రోలు పేలితే వచ్చే ప్రకంపనను పసిగట్టడం దాని పని. బేరింగు అరిగేటప్పుడు వచ్చే ప్రకంపన వేరేగా ఉంటుంది. ఆ తేడాను గుర్తుపట్టేలా సాఫ్ట్‌వేరు రాసి, పాత సెన్సారుతోనే కొత్త పని చేయించారు. అరుగుదల వినబడగానే హెచ్చరిక దీపం వెలుగుతుంది, ఇంజను తన వేగాన్ని తనే తగ్గించుకుంటుంది. రాడ్డు విరగకముందే బండి గ్యారేజీకి చేరుతుంది. 2019 ఒప్పందంలో ఈ ఇంజన్లకు జీవితకాల వారంటీ ఇచ్చారు. 2020లో ఒక్క త్రైమాసికంలోనే రెండు కంపెనీలూ ఈ నాణ్యత ఖర్చుల కింద కలిపి 3 లక్షల కోట్ల వోన్‌లకు పైగా పక్కన పెట్టుకున్నాయి. మెడ మీద కూర్చున్న వారంటీ కాగితం చివరికి ఎంత బరువెక్కిందో చూడండి.

ఇదే కథ తాళం దగ్గరా జరిగింది. తాళంచెవిలో చిన్న చిప్పు, దాన్ని రేడియో తరంగాలతో పలకరించి సరైనదైతేనే ఇంజనుకు అనుమతి ఇచ్చే ఏర్పాటు యూరప్‌లో, కెనడాలో చట్టప్రకారం తప్పనిసరి. అమెరికాలో కాదు. అక్కడ 2011 నుంచి 2021 దాకా కియా, హ్యుందాయ్‌లు తక్కువ ధర మోడళ్లలో దాన్ని మానేశాయి. కొన్నవాడికి ఆ లోటు కనిపించదు, బండి స్టార్టవుతూనే ఉంటుంది కాబట్టి. దొంగలకు మాత్రం కనిపించింది. మిల్వాకీ నగరంలో మొదలైన దొంగతనాలు వీడియోల ద్వారా దేశమంతా పాకి, దాదాపు 83 లక్షల కార్లకు సాఫ్ట్‌వేరు మార్చాల్సి వచ్చింది. ఈ దొంగతనాల్లో జరిగిన ప్రమాదాల్లో మనుషులు పోయారు. ఇక్కడ నాకు కంపెనీ మీద జాలి లేదు. అదే కారుకు కెనడాలో ఇచ్చిన చిప్పును అమెరికాలో మిగుల్చుకున్నారంటే అది పొరపాటు కాదు, చేసుకున్న లెక్క.

కొత్త తరం ఎలక్ట్రిక్ కార్లలోనూ ఇలాంటిదే ఒకటి చూడొచ్చు. ఈవీ6 కారు 2022లో యూరప్ మేటి కారుగా ఎంపికైంది. కొరియా కారుకు ఆ గౌరవం అదే మొదలు. దాని బలం 800 వోల్టుల ఏర్పాటు. వోల్టేజి రెట్టింపైతే అంతే శక్తికి కరెంటు సగం చాలు. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది నాలుగోవంతుకు పడిపోతుంది. అందుకే బలమైన చార్జర్ దొరికితే బ్యాటరీ 10 శాతం నుంచి 80 శాతానికి 18 నిమిషాల్లో ఎక్కుతుంది. మొదటి నెల ఓనరు ఈ ముచ్చట చెప్పకుండా ఉండడు. కానీ చార్జింగును నడిపించే ఐసీసీయూ అనే పెట్టె కొన్ని కార్లలో పాడై, చిన్న 12 వోల్టుల బ్యాటరీకి మేత అందక బండి దారిలోనే శక్తి కోల్పోవడంతో 2024లో రీకాల్ చేయాల్సి వచ్చింది.

ఇక పెనుకొండకు వద్దాం. 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, 2019 ఆగస్టు 22న సెల్టోస్ విడుదల. 2023 జులైకే ఇక్కడ పదో లక్ష కారు తయారైంది. పేరులేని బ్రాండుకు మన దేశంలో ఇంత తొందరగా ఆదరణ దొరకడం మామూలు విషయం కాదు. దాని వెనక ఉన్నది షోరూములోనే మనసు పడేలా చేసే నేర్పు. అదే ధరకు పక్కవాళ్లు ఇవ్వని సౌకర్యాలు ఇవ్వడంలో కియాను మించినవాళ్లు అప్పట్లో లేరు.

కానీ 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన సెల్టోస్‌ను గోడకు కొట్టించి చూస్తే పెద్దల రక్షణకు మూడు నక్షత్రాలు వచ్చాయి, పిల్లల రక్షణకు రెండే. బండి గూడు స్థిరంగా లేదని తేల్చారు. ఈ మాట చాలామందికి సరిగ్గా అర్థం కాలేదు. గుద్దుకున్నప్పుడు బండి ముందుభాగం నలగాలి, అది మంచిదే. నలిగేకొద్దీ దెబ్బ శక్తి అక్కడే ఖర్చవుతుంది. మనుషులు కూర్చున్న గూడు మాత్రం నలగకూడదు. ఆ గూడు అప్పటికే తన హద్దుకు వచ్చేసిందంటే, ఇంకొంచెం వేగంగా గుద్దుకుంటే కాళ్ల మీదికి, ఛాతీ మీదికి రేకు వచ్చేస్తుందని అర్థం. తర్వాత సెల్టోస్‌లో ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేశారు. మొదటినుంచీ ఆరు ఎయిర్‌బ్యాగులతో వచ్చిన కియా కారెన్స్‌కూ 2022లో మూడు నక్షత్రాలే వచ్చాయి. ఎయిర్‌బ్యాగు దిండు లాంటిది, గూడు గోడ లాంటిది. 2025లో కియా సైరోస్ భారత్ ఎన్‌క్యాప్‌లో ఐదు నక్షత్రాలు తెచ్చుకుంది. అంటే చేతకాక కాదు, ముందు అడగలేదు కాబట్టి చేయలేదు. అడిగింది మనమే, పరీక్షల ఫలితాలు చూసి కొనడం మొదలుపెట్టాక.

నేను మాట్లాడిన ఓనర్ల ఫిర్యాదుల్లో ఎక్కువగా వినిపించేది సిటీ ట్రాఫిక్‌లో డీసీటీ గేరుబాక్సు. ఇందులో రెండు క్లచ్‌లు ఉంటాయి. ఒకటి పనిలో ఉండగా రెండోది తర్వాతి గేరును సిద్ధంగా పట్టుకుని ఉంటుంది, అందుకే హైవే మీద గేరు మారిందని కూడా తెలియదు. కానీ ఈ క్లచ్‌లు ఆయిల్లో మునిగి ఉండవు, పొడిగా ఉంటాయి. అమీర్‌పేటలో సాయంత్రం ఆరింటికి అడుగడుగునా కదిలి ఆగుతుంటే ప్రతి కదలికలోనూ క్లచ్ సగం పట్టి సగం జారుతూ వేడెక్కుతుంది, ఆ వేడి పోవడానికి గాలి తప్ప దారి లేదు. బ్రేకు మీద కాలుంచి ముందు బండి నాలుగు గజాలు కదిలేదాకా ఆగి ఒకేసారి కదలడం దీనికి తేలికైన మందు. షోరూములో టెస్ట్ డ్రైవ్ ఇచ్చే పదిహేను నిమిషాల ఖాళీ రోడ్డులో ఇది తెలియదు.

2019, 2020ల్లో ఎర్రమంచి నుంచి బయటికొచ్చిన మొదటి సెల్టోస్‌లకు మూడేళ్ల మామూలు వారంటీ ఎప్పుడో అయిపోయింది. వాటిలో చాలా బండ్లు ఇప్పుడు రెండో చేతికి మారుతున్నాయి. పోయిన నెల మా బంధువుల అబ్బాయి ఒక బండి బేరానికి వెళ్తూ నన్నూ తోడు రమ్మన్నాడు. వాడు తలుపు తీసి ముందు తెర వెలిగించి చూశాడు. మాతో వచ్చిన మెకానిక్ అన్న తెర వైపు చూడలేదు. రాత్రంతా స్టార్టు చేయకుండా ఉంచారా అని అడిగి, బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ లాగి, వేళ్ల మధ్య ఆయిలు రాసి వెలుతురులో పట్టి చూశాడు. మెరిసే పొడి ఏమీ లేదు. అప్పుడు స్టార్టు చేయమని చెప్పి, మమ్మల్ని మాట్లాడొద్దని సైగ చేసి, ఇంజను పక్కకు చెవి వంచాడు.